బోర్ల జాబితా

తన బోరు జాబితాలో రాయొద్దని మా వదిన ముందే చెప్పింది. నేను వినలేదు. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేలోపలే జవాబు తయారు చేసుకునే రకం నేను. వదినంటే మా ఆయనకు అక్క, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. మొగుడు పోయాక ఎకరా నేలలో కనకాంబరాలు, చామంతులు పెంచి, మొదటి బస్సుకు తిరుచానూరు పంపి, ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతికిన మనిషి. ఆ తోటకు ఆధారం ఒకే ఒక్క బోరు.

మా ఊరు ఏర్పేడు దాటాక ఒక గుట్ట కింద ఉంది. గుట్టంటే రాతిగుట్ట కాదు, నిలువునా గ్రావెల్. వాన పడితే నీళ్ళు పైన నిలవవు, లోపలికి ఇంకిపోయి నెలల తర్వాత కింద వంకలో ఊటగా తేలతాయి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఎండాకాలంలో కూడా వంకలో ఇసుక చేత్తో తోడితే చాలు, చెలమ ఊరేది. తర్వాత టిప్పర్లు వచ్చాయి. రోడ్లకని, ప్లాట్లకని గుట్టను మోసుకుపోయారు. మా ఇంటి పునాది నింపడానికి మేమూ రెండు ట్రాక్టర్లు తోలించుకున్నాం. అది దాచిపెట్టి ఇప్పుడు నీతులు చెప్పడం నావల్ల కాదు. కానీ గుట్ట కరిగిపోయినా వాళ్ళు ఆగలేదు, నేలలోకి దిగారు. గుంత లోతయ్యేకొద్దీ పక్కల నుంచి నీళ్ళు కారడం మొదలైంది. టిప్పర్లు దిగబడుతున్నాయని డీజిల్ ఇంజను పెట్టి ఆ నీళ్ళను పగలంతా తోడి పారబోశారు. ఊళ్ళో బోర్లు ఒకటొకటే గాలి కక్కాయి.

ఒకరోజు ఆడవాళ్ళమంతా దారికడ్డంగా కూర్చున్నాం. మర్నాడు టిప్పర్లు ఇంకో దారి చేసుకున్నాయి. కూర్చుంటే కాదు, మండలాఫీసుకు అర్జీ రాసివ్వాలని పట్టుబట్టింది నేనే. ఏ బోరు ఎప్పుడు తగ్గిందో వివరాలతో ఇస్తే చూస్తామన్నారు అక్కడ. డిగ్రీ చదివినదాన్ని కదా, గీతలు గీసి పట్టిక తయారు చేశాను. బడి వరండాలో కూర్చుని ఒక్కొక్కర్నీ అడిగి రాసుకున్నాను. బోరు లోతు చెప్పడమంటే మా మగవాళ్ళకు మీసం తిప్పినంత సంబరం.

"నాది ఏడునూర్లడుగులు, రాసుకోక్కా."

"ఏడునూర్లా? నీ కేసింగే సక్కంగా దిగలేదప్పా, ఏడునూర్లంట!"

వదిన ఖాళీ పూలబుట్ట చంకన పెట్టుకుని వచ్చి నిలబడింది. "ఏం మే, మన బోర్ల సంగతి ఆఫీసోళ్ళకు మనమే సెప్పుకునేదేంది?"

"వాళ్ళే అడిగినారు వదినా. గుంతకు దగ్గరుండేది నీదే. నీది లేకుంటే ఈ కాగితానికి బలమేముండాది?"

"ఉండే బలం నా తోటకే సాలడంల్యా, ఇంక నీ కాగితానికి యాడ తెచ్చేది?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "ఇట్లా భయపడేటోళ్ళుండబట్టే ఊరు ఎండిపోతా ఉండాది" అన్నాను, పదిమందిలో. వదిన ముఖం చిన్నబోయింది. "రాసుకో పో" అనేసి వెళ్ళిపోయింది. ఆమె పేరు మొదట రాశాను.

బోరు వేయడానికి అనుమతి కావాలన్న మాట మాలో ఒక్కరికీ తట్టలేదు. మా వైపు బోరు వేయడమంటే రిగ్గు లారీని పిలవడం, టెంకాయ కొట్టడం, అంతే. కాగితం ఎవరడిగారు, ఎవరిచ్చారు? నీళ్ళ చట్టం ఒకటుందని నాకు తెలుసు. గ్రావెల్ వాళ్ళ మీద ఆ అర్జీలోనే దాన్ని ఎత్తి రాశాను కూడా. నాకు కావలసిన ముక్క వరకే చదివాను.

రెండు వారాలకు ఆఫీసు జీపు వచ్చింది. గుంత చూడటానికే వచ్చారనుకుని మజ్జిగ ఇచ్చాం. సారు చేతిలో నా జాబితా ఉంది. మొదటి పేరు చదివి నేరుగా వదిన తోటలోకి నడిచాడు.

"అనుమతి కాగితం ఉందామ్మా?"

వదిన నా వైపు చూసింది. ఊరి తాగునీటి బోరుకు మరీ దగ్గరగా ఉందని కూడా తేల్చి, స్టార్టరు పెట్టెకు సీలు వేశారు. మిగతావాళ్ళకు నోటీసులు.

"ఆడ ఇంజను పెట్టి తోడేస్తా ఉంటే చూడరు గానీ, పూలతోట మీద పడతారా సార్?" అని అరిచాను.

"వాళ్ళకు పర్మిట్ ఉందమ్మా. ఎంత లోతు తవ్వారో చూసేది వేరే ఆఫీసు. మేము అర్జీలో ఉన్నది చూస్తాం. వివరాలు చాలా బాగా రాశారు మీరు." ఆయన వెటకారం చేయలేదు. నిజంగానే మెచ్చుకున్నాడు.

మొగ్గ మీదున్న చామంతులకు బిందెలతో నీళ్ళు మోశాం, వదినా నేనూ. ఎకరా తోట బిందెలకు తడుస్తుందా? ఏడునూర్ల అడుగులాయన మా ఇంటి ముందునుంచి పోవడం మానేశాడు. తొమ్మిదో రోజు గుంత దగ్గర మేస్త్రీ మా ఇంటికొచ్చి, మంచినీళ్ళడిగి తాగి, మెత్తగా చెప్పాడు. "అర్జీ ఎనక్కి తీసుకోండక్కా. సీలు సంగతి మా వాళ్ళు మాట్లాడతారు." అరగంట దులిపేశాను అతణ్ణి. అన్నీ విని, "తోట ఎండిపోతా ఉండాది కదక్కా" అన్నాడు. గడప దగ్గర నిలబడి విన్న వదిన ఖాళీ బిందె ఎత్తుకుని తోట వైపు నడిచింది.

రాశాను. గ్రావెల్ తవ్వడం వల్ల మా బోర్లకు ఏ నష్టమూ లేదని, తెలియక అర్జీ ఇచ్చామని. మొదటిసారి సంతకాలకు ఇల్లిల్లూ తిరిగాను. ఈసారి వాళ్ళే వచ్చి పెట్టారు.

సీలు తీశారు. వదిన మోటారు వేసింది. ఎర్రగా, మట్టిగా వచ్చాయి నీళ్ళు. మూడు సాళ్ళు పారాయి. పైపు దగ్గింది, ఆగింది. కట్టేసి, కాసేపాగి మళ్ళీ వేసింది. గాలి.

"ఇంగొకటి రాయి మే," అంది వదిన.

"ఏమని రాసేది వదినా? నష్టం లేదని మనమే రాసిస్తిమి."

నా జీవితంలో నేను ఎదురు వాదించలేకపోయిన ఒక్క మాట నేనే చెప్పాను.

ఇప్పుడామె తిరుచానూరులో లాడ్జీల సందు మొదట్లో కూర్చుని, సత్యవేడు వైపు నుంచి వచ్చే పూలను వేరేవాళ్ళకు కూలికి మాలలు కట్టి ఇస్తుంది. నేను వెళ్తే పక్కన చోటిస్తుంది, టీ తెప్పిస్తుంది, పిల్లల గురించి అడుగుతుంది. ఈసారన్నా తిడుతుందేమోనని కూర్చుంటాను. తిట్టదు.