అమ్మ సమాధి మీది రాయి

మా ఊరు ఆళ్లగడ్డకు దగ్గరే. పక్కనున్న రిజర్వాయరును పెంచుతున్నామని చెప్పడానికి వచ్చిన ఆఫీసరు, "నీళ్లు పొలాల దాకే వస్తాయి, ఊరి జోలికి రావు" అన్నాడు. ఆ మాట అంటున్నంతసేపూ మా మొహాలు చూడలేదు. నంద్యాల బడిలో ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, అబద్ధమాడే మొహం నాకు తెలియదా! వారం తిరక్కుండానే ఊరి చింతచెట్లు కొట్టించారు. గూళ్లు పోయిన కొంగలు రెండ్రోజులు అక్కడక్కడే తిరిగి ఎటో వెళ్లిపోయాయి. పుట్టలు తవ్వేసరికి పాములు ఇళ్లల్లోకి వచ్చాయి. పొలాల దాకే అయితే ఇదంతా ఎందుకట?

అనుకున్నంతా అయింది. మా క్రైస్తవుల సమాధుల తోట మునుగుతుందని, ఎముకలు తీసి కొత్తచోట పూడ్చుకోవాలని కబురొచ్చింది. నాయనకు కాంట్రాక్టరు మనుషుల మీద అనుమానం.

"మీయమ్మ రాయి మీద కన్నేసినారు మ్మా. ఎత్తకపోయి యాడో మోరీ మీద బండగా ఏస్తారు" అన్నాడు.

ఆళ్లగడ్డ శిల్పి చేత అమ్మ పేరు చెక్కించిన రాయి అది. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం. ట్రాక్టరు మాట్లాడింది నేనే. రాయి పెరికి తెచ్చి గడ్డివామిలో దాచాం. మమ్మల్ని చూసి ఊళ్లో అందరూ తమ రాళ్లు తెచ్చేసుకున్నారు.

ఎముకలు తీసే రోజుకి నాలుగు వానలు పడ్డాయి. దిబ్బలన్నీ చదునైపోయి ఉన్నాయి. రాళ్లూ లేకపోయేసరికి ఏది ఎవరి సమాధో తెలియడం లేదు.

"యాడ తవ్వాల పెద్దాయనా? బేగా చెప్పు" అన్నాడు జేసీబీ అతను.

నాయన అటూ ఇటూ నడిచి, ఒకచోట కాలితో తట్టాడు. "ఈడే."

"నాయనా, అమ్మది ఆ గోడ పక్కన కదా?"

"మీయమ్మ యాడుండేదీ నాకు తెలీదా? గమ్మునుండు."

ఎముకలు దొరికాయి. కళ్లజోడు లేకుండా అమ్మ బైబిలు చదవలేదని, శవపెట్టె మూసేముందు ఆ కళ్లజోడు నేనే ఆమె చేతిలో పెట్టాను. తీసిన మట్టంతా వేళ్లతో కెలికి చూశాను. లేదు.

"మన్నులో కలిసిపోయింటాదిలే మ్మా" అన్నాడు నాయన.

అద్దాలు మట్టిలో కలుస్తాయా? ఒళ్లు మండిపోయింది. కానీ ఆయన అప్పటికే ఎముకల్ని కండువాలో మూట కడుతున్నాడు. నేను రెండో కొస పట్టుకున్నాను.

కొత్త తోటలో రాయి నిలబెట్టాం. సమాధుల పండుగకి, ఎవరి తల్లో ఏమో అనుకుంటూనే అక్కడ కొవ్వొత్తి వెలిగిస్తాను. నాయన మాత్రం రాయి దగ్గరికి రాడు. రిజర్వాయరు కట్ట ఎక్కి, పాత తోట మునిగిన నీళ్లవైపు తిరిగి ప్రార్థన చేసుకుంటాడు.