విరుపులమ్మ భోజనం వేళ

ఇంట్లో దువ్వెన విరగ్గొట్టినా చీవాట్లు పడే లోకంలో, విరగ్గొట్టినందుకే నెలనెలా జీతం తీసుకున్న మనిషి ఈవిడ. కొత్త రకం ప్లాస్టిక్కులు తయారుచేసే పరిశోధనశాలలో మెట్ల కింది గది ఆవిడది. పైఅంతస్తులో పెద్ద చదువులవాళ్లు ఏవేవో కలిపి, కాచి, అచ్చుపోసి కిందికి పంపిస్తారు. ఈవిడ వాటిని మిషన్‌కి బిగించి లాగుతుంది, వంచుతుంది, మెలితిప్పుతుంది. ఎక్కడ తెగిందో, ఎంతకి తెగిందో రిజిస్టరులో రాస్తుంది. అందుకే చిన్నాపెద్దా అందరికీ ఆవిడ విరుపులమ్మ. మొదట్లో ఆ పేరుకి మూతి ముడుచుకుంది కానీ, పోనుపోను ఫోనెత్తి తనే "విరుపులమ్మని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది.

ఇరవై ఆరేళ్లలో ఆ రిజిస్టరులో ఒక్క అంకె కొట్టేసి దిద్దింది లేదు. చదువు పదో తరగతి దగ్గరే ఆగిపోయిన మనిషికి అదే పెద్ద పట్టా. "విరుపులమ్మ రాసిందా? అయితే మళ్లీ చూడక్కర్లేదు" అని పెద్దసారు ఒకసారి నలుగురిలో అన్న మాట ఇప్పటికీ తలచుకుని మురిసిపోతుంది. మురిస్తే తప్పేముంది?

ఇంట్లో ఆవిడకి అత్తగారు ఉంది. వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన దర్జీ ఆమె. కోడలు ఉద్యోగంలో చేరిన రోజునే ఒక మాట చెవిన వేసింది.

"అమ్మాయీ, ఏ మిషనైనా సరే, మనం తినేటప్పుడు ఆపెయ్యాలి. అదలా ఆడుతూంటే తిన్నది ఒంటికి పట్టదు. దానికీ కాస్త ఊపిరి తిరగాలి."

మిషన్‌కి ఊపిరేమిటని కోడలు నవ్వుకుంది. నవ్వుకుని, అలాగే చేసింది. పన్నెండున్నరకి స్విచ్చి ఆపడం, మీద గుడ్డ కప్పడం, కారియర్ విప్పడం. పొద్దునా సాయంత్రం టీకి వెళ్లినా అంతే. ఈ సంగతి రిజిస్టరులో రాయాలని ఆవిడకి ఏనాడూ తోచలేదు. నిజానికి అవసరమూ పడలేదు. లాగి తెంచే పనులు రెండు నిమిషాల్లో తేలిపోయేవి.

చిక్కంతా కృత్రిమ పాదంతో వచ్చింది. దాన్ని తయారుచేస్తున్నది పైఅంతస్తు డాక్టరమ్మ. డాక్టరమ్మంటే జ్వరాలు చూసే డాక్టరు కాదు, ప్లాస్టిక్కుల మీద డాక్టరేటు చేసిన మనిషి. పక్కింటివాళ్లు పిల్లాడి దగ్గుకి మందడిగితే బిక్కమొహం వేస్తుంది. గాజు నారలు కలిపిన ప్లాస్టిక్ పట్టీని వంపు తిప్పి, కాలు పోయినవాళ్లకి నడకలో స్ప్రింగులా పనికొచ్చే పాదం చెయ్యాలని మూడేళ్లుగా ఆమె తంటాలు పడుతోంది. మొదట తొడుక్కోవడానికి ఒక పోస్ట్‌మ్యాన్ ఒప్పుకున్నాడు. ప్రమాదంలో పాదం పోగొట్టుకుని, బయట తిరగాల్సినవాడు ఆఫీసు లోపల ముద్రలు కొడుతూ కూర్చున్నాడు. ఆయనకి పాదం ఇవ్వాలంటే, పట్టీ ముందు మామూలు నడక కంటే చాలా ఎక్కువ బరువు మీద లక్షసార్లు వంగి లేచినా విరగకూడదు.

సెకనుకి ఐదు వంపుల చొప్పున ఇది ఒక పగటి పని. రెండు మిషన్ల మీద పరీక్ష పెట్టారు. ఒకటి విరుపులమ్మది, రెండోది పక్కగది ఆయనది. ఆయన నెమ్మదస్తుడు, పనిలో మహా పట్టుదల మనిషి. కారియర్ మిషన్ పక్కనే పెట్టుకుని, ఒక చేత్తో తింటూ అంకెల మీంచి చూపు తిప్పడు.

విరుపులమ్మ పట్టీలు లక్షా పదివేలు దాటాయి. ఆయన పట్టీలు ఎనభై వేలకే పుటుక్కుమన్నాయి. ఒకసారి కాదు, ఆరుసార్లూ అంతే.

పెద్దసారు ఇద్దరి రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టుకుని, "రెండో మిషన్‌లో బిగింపు సరిగ్గా లేనట్టుంది" అన్నాడు. అందరూ తలూపారు. ఊపరూ? అందరికీ కావలసిన అంకె విరుపులమ్మది. పక్కగది ఆయన ముఖం కందగడ్డలా అయింది.

"అక్కా, నా బిగింపులో లోపం లేదు. మూడుసార్లు చూసుకున్నా" అన్నాడు మెట్ల కింద నిలబడి.

"నాకు తెలుసు తమ్ముడూ" అని, తన రిజిస్టరు మళ్లీ మొదటినుంచి తిరగేసింది.

పాదం ఇవ్వొచ్చని సోమవారం పెద్దసారు సంతకం పెడతాడు. ఆదివారం మధ్యాహ్నం విరుపులమ్మ ఇంట్లో భోజనాలకి కూర్చుంది. ఎనభై దాటిన అత్తగారు ఇంకా పాత జాకెట్లేవో కుడుతూనే ఉంది. కోడలు పిలవగానే కుట్టుమిషన్ మీంచి పాదాలు తీసి, చక్రాన్ని అరచేత్తో ఆపి, గుడ్డ కప్పింది. కప్పి, తట్టింది కూడా.

కోడలి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

తన పట్టీ రోజూ మూడుసార్లు ఊపిరి తీసుకుంటోంది. పక్కగది పట్టీకి ఆ భాగ్యం లేదు. తేడా బిగింపులో లేదు, తన కారియర్‌లో ఉంది.

ఆ పూట ఆవిడ పడిన అవస్థ ఇంతా అంతా కాదు. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. పోస్ట్‌మ్యాన్‌కి పాదం వస్తుంది, తన పేరు తన పేరులాగే ఉంటుంది. కానీ ఆయన ఉత్తరాల సంచితో ఆగకుండా తిరిగితే? నడిరోడ్డు మీద పాదం పుటుక్కుమంటే? తప్పు పక్కగదాయన మీదే ఉండిపోతే? చెబితే మాత్రం ఇరవై ఆరేళ్ల రిజిస్టరు మీద తన చేత్తోనే గీత కొట్టుకున్నట్టు. విరగడమంటే ఏమిటో అంత దగ్గరగా చూసిన మనిషికి కూడా భయం వేసింది.

సోమవారం పొద్దున్నే పైఅంతస్తు ఎక్కింది. పెద్దసారు, డాక్టరమ్మ, పక్కగది ఆయన ముగ్గురూ ఉండగానే చెప్పింది.

"నేను భోజనానికీ టీకీ మిషన్ ఆపుతాను సార్. రిజిస్టరులో రాయలేదు. తప్పు నాది. తమ్ముడి అంకెలే సరైనవి."

పెద్దసారు కలం మూత పెట్టేశాడు. విరుపులమ్మకి తల కొట్టేసినట్టయింది. డాక్టరమ్మ మాత్రం లేచి, గబగబా మెట్లు దిగి, మళ్లీ సరిచూసుకోవడానికి పక్కగది ఆయన పొద్దున్నే వేసి వచ్చిన రెండో మిషన్ని ఆపి, వెనకే అందరూ దిగి చూస్తూండగా పట్టీ మీద వేలు పెట్టింది. పెట్టిన వేలు చటుక్కున వెనక్కి తీసుకుంది.

"కాలుతోంది" అంది. "అమ్మా, ఇది బలం చాలక విరగడం లేదు. ఆగకుండా వంగి వంగి వేడెక్కుతోంది, వేడికి మెత్తబడి విరుగుతోంది. మీరు ఆపినప్పుడల్లా చల్లారింది. మూడేళ్లుగా నేను ఇంకా గట్టి సరుకు కోసం వెతుకుతున్నాను. కావలసింది వేడి బయటికి పోయే దారి."

పెద్దసారు ఇంకా ముఖం గంటు పెట్టుకునే ఉన్నాడు. "రాయకపోవడం తప్పేనమ్మా" అన్నాడు.

"తప్పే సార్" అంది విరుపులమ్మ. పాత అంకెల పక్కన, అందరి ఎదుటా, ఆగిన వేళలన్నీ గుర్తున్నంతవరకూ ఎర్ర సిరాతో రాసింది. ఆ రోజునుంచి రిజిస్టరులో కొత్త గడి ఒకటి చేరింది: ఆపినది ఎంతసేపు.

డాక్టరమ్మ పట్టీని మధ్యలో పొడుగునా చీల్చి, రెండు పాయలు చేసింది, వాటి నడుమ గాలి ఆడేలా. మొదటి చీలిక మరీ వెడల్పై పట్టీ అరవై వేలకే పోయింది. రెండోదీ పోయింది. ఐదో నెలలో, పక్కగది ఆయన మిషన్ మీద, ఎక్కడా ఆపకుండా లక్షా ముప్పై వేలు దాటింది. ఆయన కారియర్ పట్టుకుని విరుపులమ్మ గదికి వచ్చాడు. "అక్కా, ఇవాళ ఇక్కడ తింటా" అన్నాడు.

ఆ పై నెల పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. పాదం తొడిగాక గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాడు. తర్వాత గోడ వదిలాడు. మెట్ల కింది గది ముందునుంచి నడవా చివరిదాకా వెళ్లి, తిరిగి, మళ్లీ వెళ్లాడు.

"కాసేపు కూర్చోండి" అంది డాక్టరమ్మ.

"ఎన్నాళ్లనుంచో కూర్చునే ఉన్నానమ్మా" అన్నాడాయన, నడుస్తూనే.

విరుపులమ్మ గుమ్మంలో నిలబడి ఆయన అడుగులు లెక్కపెడుతోంది. కళ్లు నీళ్లతో నిండాయి, లెక్క తప్పింది, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

"అక్కా, ఒంటిగంట దాటింది. నీ మిషన్ ఆడుతోంది" అన్నాడు పక్కగది ఆయన.

ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఆవిడ భోజనం వేళ మరిచిపోయింది. లోపలికి వెళ్లి రిజిస్టరు తెరిచి, కొత్త గడిలో ఒక్క మాట రాసింది: ఆపలేదు.