ఎండ కాస్తుండగా ఆగిపోయిన పెళ్ళి

వాన వల్ల ఆగిన పెళ్ళిళ్ళు లోకంలో చాలానే ఉంటాయి. నా పెళ్ళి వాన వల్లా ఆగింది, మంచు వల్లా ఆగింది. కానీ ఆ వానలో ఒక్క చుక్క గానీ, ఆ మంచులో ఒక్క పలుకు గానీ మా నెత్తిన పడలేదు. ఆ వారమంతా సికింద్రాబాదులో ఎండ ఫెళ్ళున కాసింది. పందిరికి కప్పిన కొబ్బరాకులు ఎండి గలగలలాడాయి. వాన బందరులో, మంచు కాశ్మీరులో, మధ్యన చిలకలగూడలో మేం. తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది, తరువాత ఎవరి మీదో తెలియని కోపం వస్తుంది. ఇన్నేళ్ళయినా ఆ కోపం పోలేదు.

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడాది సంగతి ఇది. నాన్న అప్పటికి లేరు. ఆయన రైల్వేలో గార్డు. నా చిన్నప్పుడే డ్యూటీ మీద మన్మాడు వైపు వెళ్ళి, అక్కడే జ్వరం వచ్చి పోయారు. ఆ కబురు మాకు టెలిగ్రామ్‌లో వచ్చింది. అది మొదలు మా అమ్మకు టెలిగ్రామ్ అంటే చావు కబురే. వీధిలో తంతి బంట్రోతు సైకిలు కనిపిస్తే చాలు, చేతిలో పని అక్కడే పడేసి, ఆ సైకిలు మా గుమ్మం దాటేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేది. అన్నయ్య మిలిటరీలో లారీ డ్రైవరుగా చేరిన రోజున వాడి చేత బైబిలు మీద చెయ్యి వేయించింది. "ఒంట్లో ప్రాణం ఉన్నన్నాళ్ళూ నువ్వు మాకు టెలిగ్రామ్ ఇవ్వకూడదు. ఉత్తరం రాయి. ఎంత ఆలస్యమైనా సరే, ఉత్తరమే రాయి," అంది. వాడు నవ్వుతూ సరేనన్నాడు. అన్నమాట మీద నిలబడ్డాడు కూడా. మా కొంప ముంచింది అదే.

మా క్రైస్తవుల పెళ్ళిళ్ళలో పెళ్ళికూతుర్ని తండ్రి చెయ్యి పట్టుకుని గుడి వాకిలి నుంచి ముందుకు నడిపించుకొస్తాడు. ఈ పిల్లను ఇచ్చేదెవరని అయ్యగారు అడిగితే, నేనని తండ్రి జవాబు చెప్తాడు. తండ్రి లేకపోతే అన్న. రైల్లో తెచ్చిన నాన్నను సమాధి చేసి వస్తుంటే, మీసం కూడా సరిగా రాని మా అన్నయ్య దారిలో నా చెయ్యి పట్టుకుని, "నీ పెండ్లికి నేను నడిపిస్తలే, ఏడ్వకు," అన్నాడు. అమ్మ అది విన్నది. విన్నది మొదలు అది వేదవాక్కే. వాడు తప్ప ఇంకెవరూ నా చెయ్యి పట్టుకోవడానికి వీల్లేదు. అబద్ధమెందుకు, నాకూ అదే పట్టు.

రజాకార్ల గొడవ ముదిరినప్పుడు అమ్మా నేనూ ఇంటికి తాళం వేసి బందరులో పెద్దమ్మ ఇంటికి పోయాం. అక్కడే నాకు సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు బడిపంతులు, నెమ్మదైన మనిషి. సంస్థానం సద్దుమణిగి మేం తిరిగొచ్చాక, పెళ్ళి సికింద్రాబాదులో మా గుళ్ళోనే అనుకున్నాం. నవంబరు చివరి వారంలో గురువారం. అంతకు మించి జరపడానికి లేదు. ఆ పై ఆదివారం నుంచి ఆగమన కాలం మొదలవుతుంది. క్రిస్మసు వెళ్ళేదాకా మా గుళ్ళో పెళ్ళి చెయ్యరు. మూడు ఆదివారాలు వరసగా మా పేర్లు చదివి ప్రకటన కూడా చేసేశారు.

అన్నయ్య కాశ్మీరులో కొండల మీదున్న చౌకీలకు లారీలో గోధుమపిండీ కిరసనాయిలూ చేరవేసేవాడు. సెలవు దొరికిందని ఉత్తరం రాశాడు. "దారి తెరిచి ఉంటే పెండ్లి నాటికి ఇంట్ల ఉంట," అని ఉంది అందులో. దారి తెరిచి ఉంటే! ఆ ముక్క అమ్మ గొంతులో ముల్లులా దిగిపోయింది. యుద్ధం ఆ ఏడు మొదట్లోనే ఆగింది గనక ఇంక భయం లేదనుకుంటూ వచ్చాం. దారులు మూసేది మంచని మాకెవరికీ తట్టనే లేదు.

వీధి మొదట్లో బట్టల దుకాణం నడిపే పెద్దాయన్ని అందరం కాక అని పిలిచేవాళ్ళం. ఆయన ఇంట్లో రేడియో ఉండేది. గొడవల రోజుల్లో ఆయన దానికి దుప్పటి కప్పి, తలుపులు బిగించుకుని, చెవి ఆనించి వినేవాడు. పోలీసు యాక్షన్ తరువాత దాన్నే వరండాలో బల్ల మీద పెట్టి, వీధంతటికీ వినిపించేలా మోగించేవాడు. రోజూ సాయంత్రం అమ్మ నన్ను వెంటబెట్టుకుని అక్కడికి పోయేది. ఢిల్లీ నుంచి ఇంగ్లీషులో చదివే వాతావరణం వార్తలు విని నేను తెలుగులో చెప్పాలి. పెళ్ళికూతురు నలుగు పెట్టించుకునే రోజుల్లో నేను కాశ్మీరు మంచు లెక్కలు చెప్పుకుంటూ కూర్చున్నాను.

"మంచంటే ఏందమ్మా, బర్ఫే గదా?" అనేవాడు కాక. "గోలా షర్బతుల ఏస్తరు, గదే గదా? దానికి గింత పరేషానేంది?"

"మీరూరుకోండి కాకా! లారీ చక్రాలు కనపడకుండా కప్పేస్తుందిట," అని అమ్మ ఆయన మీద విరుచుకుపడేది. ఆయన రేడియో గొంతు ఇంకాస్త పెంచేవాడు.

సోమవారం సాయంత్రం వార్త వచ్చింది. కాశ్మీరు కొండల్లో మంచు విపరీతంగా పడుతోంది, ఇంకా పడుతుంది, కనుమ దారులు మూసుకుపోయాయి. బంగాళాఖాతంలో వాయుగుండం, రెండు రోజుల్లో కోస్తాలో భారీ వర్షాలు. హైదరాబాదు సంస్థానంలో పొడి వాతావరణం. నేను ఒక్కొక్క ముక్కా చెప్పుకుంటూ వచ్చాను. అమ్మ ఆ చివరి ముక్క విననే లేదు. "అటు వాడు రాలేడు, ఇటు బందరు వాళ్ళు వానలో చిక్కుకుంటారు. ఆకాశమే నోరు తెరిచి వద్దని చెప్తుంటే మనం వినమా?" అంది.

కాక పెళ్ళాం లోపలి నుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "జెర ఆగమ్మా. పిలగాడు బైలెల్లిండో ఏమో, నీకెట్ల తెలుసు? రేడియోల నీ కొడుకు పేరు చెప్పిండ్రా?" అంది. ఆ రోజు ఆ వరండాలో తెలివైన మాట అన్నది ఆవిడొక్కతే. అమ్మ వింటేనా! బయలుదేరితే వాడు ఉత్తరం రాయకుండా ఉంటాడా అని ఎదురు వాదించింది. రాశాడు కూడా, ఆ ఉత్తరం వాడి కంటే వెనక వస్తోందని మాకేం తెలుసు.

మంగళవారం పొద్దున్నే అమ్మ తపాలాఫీసుకు పోయి, తన జన్మలో మొదటిసారి, తన చేత్తో టెలిగ్రామ్ ఇచ్చింది. పెళ్ళి జనవరికి వాయిదా అని. అది చేరేసరికి బందరులో పెళ్ళివారు సామాను కట్టుకుని సాయంత్రం రైలుకు సిద్ధంగా ఉన్నారట. టెలిగ్రామ్ అనగానే ఆ ఇంటి ముసలావిడ విరుచుకు పడిపోయిందట. ఆవిడ మొహాన నీళ్ళు చల్లి, మూటలు విప్పేసుకున్నారు. మేం బుధవారం పందిరి విప్పేశాం. అదే రోజు కోస్తాలో వాన దంచికొట్టి రైలు గట్టు తెగింది. "చూశావా!" అంది అమ్మ. నేనూ నిజమే కాబోలనుకున్నాను. కానీ ఆ మంగళవారం బండి మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా బెజవాడ దాటి వచ్చేసిందని తరువాత తెలిసింది.

గురువారం పొద్దున, నేను వాకిట్లో గింజలు చెరుగుతున్నాను. భుజాన బిస్తరు చుట్ట, చేతిలో రేకు పెట్టె, మొహమంతా మాసిన గడ్డం. అన్నయ్య! వాడు మా ఇంటిని ఎగాదిగా చూసి, పొరపాటున పక్కింటికొచ్చానేమోనన్నట్టు వీధి అటూ ఇటూ చూశాడు.

"ఏందే గిది? పెండ్లిల్లు గిట్లుంటదా? పందిరేది? జనమేరి?" అన్నాడు.

నేను చేట పట్టుకునే బావురుమన్నాను. అమ్మ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి, వాణ్ణి చూసి గుమ్మం మీదే కూలబడింది. సంగతంతా చెప్తే వాడు కాసేపు నమ్మలేదు.

"మంచు పడక ముందు రోజే మేం కనుమ దాటినం. మా ఎనకొచ్చే బండ్లే ఆగిపోయినయ్," అన్నాడు.

"ఢిల్లీలో దిగినప్పుడైనా ఒక్క టెలిగ్రామ్ ఇస్తే నీ సొమ్మేం పోయేదిరా!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది.

"వద్దని ఒట్టేయించుకున్నదెవరు? నాకు వద్దన్నదానివి, నువ్వెట్ల ఇచ్చినవే మరి?" అన్నాడు వాడు. కోపంగా అనలేదు. అన్నాక తనే నవ్వేశాడు. అమ్మ నవ్వలేదు.

స్నానం కూడా చెయ్యకుండా వాడు అయ్యగారి బంగళాకు పరుగెత్తాడు. శనివారం లోపల పెళ్ళివారు వచ్చేస్తే పెళ్ళి చేస్తారా అని అడిగాడు. వస్తే చేస్తానన్నారాయన. అప్పుడు వాడు బందరుకు టెలిగ్రామ్ ఇచ్చాడు. జవాబు ఏమొస్తుంది? గట్టు తెగింది, బండ్లు లేవు. బండ్లు మళ్ళీ మొదలవుతాయని విని, ఆదివారం ఆరాధన అయ్యాక, మర్నాడు పెళ్ళి చేయించమని వాడు అయ్యగారి కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆగమన కాలం మొదలైంది నాయనా, నియమం నియమమే అన్నారాయన. మంచివాడే, ఆయన కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. కానీ నియమం దాటలేదు. అన్నయ్య సెలవులో సగం రైళ్ళలోనే పోతుంది గనక మంగళవారానికల్లా వాడు తిరిగి బయలుదేరాలి.

ఆ ఆదివారమే, జనమంతా వెళ్ళిపోయాక, గుడి వాకిట్లో వాడు నా ముందుకొచ్చి మోచెయ్యి చాపాడు. "రాయే, నడుద్దాం. గుడున్నది, నువ్వున్నవు, నేనున్న. పెండ్లికొడుకొక్కడే కదా లేంది? వాణ్ణి జనవరిల తెచ్చుకో. నా వంతు పని నేను షురూ చేసి పోత," అన్నాడు. ఆట పట్టిస్తున్నట్టే అన్నాడు కానీ, చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నేను కొంగు సర్దుకుని చెయ్యి వెయ్యబోయాను.

"ఛీ, దేవుడి గుళ్ళో ఆటలేమిటి? సగం పెళ్ళి చేస్తారా ఎవరన్నా? జనవరిలో వచ్చి నిజంగానే నడిపిద్దువుగాని," అని అమ్మ మా మధ్యకు వచ్చేసింది. శకునాలు నమ్మకూడదని మాకు బోధించేది తనే. ఆ రోజు మాత్రం హడలిపోయింది. వాడు చెయ్యి దించేసి, "సరేలే, జనవరిల," అన్నాడు. మేం ముగ్గురం ఎండలో నడుచుకుంటూ ఇంటికొచ్చాం. ఎంత దూరముందనీ గుడి వాకిలి నుంచి ముందు వరస దాకా! నాలుగు అంగలు. ఆ నాలుగు అంగలూ వేసేస్తే దేవుడు కోప్పడేవాడా?

ఫిబ్రవరిలో, కొండదారిలో మంచుచరియ విరిగి లారీ మీద పడి, అన్నయ్య పోయాడు. ఆ కబురు తెచ్చిన మిలిటరీ వాళ్ళు గుమ్మంలో టోపీలు తీసి నిలబడితే, టెలిగ్రామ్ కాదు గదా అని అమ్మ వాళ్ళను కూర్చోమని కుర్చీలు వేసింది. వాళ్ళు చెప్పింది తలకెక్కడానికి ఆవిడకు రెండు రోజులు పట్టింది.

నా పెళ్ళి అంతకు ముందే, జనవరిలో అయిపోయింది. మళ్ళీ మూడు ఆదివారాలు ప్రకటన చదివించాం. ఒకసారి ఆగిన పెళ్ళని గుళ్ళో గుసగుసలు విన్నాం. నవంబరులో సెలవు వాడేసుకున్నాడు గనక అన్నయ్యకు మళ్ళీ సెలవు ఇవ్వలేదు. ఇంక వాయిదా వేస్తే సంబంధమే చెడుతుందని బందరు వాళ్ళు గట్టిగా కబురు పెట్టారు. నన్ను నడిపించడానికి సంఘ పెద్దనొకరిని కుదిర్చారు. ముసలాయన ఇస్త్రీ కోటు వేసుకుని, గుడి వాకిట్లో నా కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు.

అమ్మ ఆ చెయ్యి వంక చూసింది. ఏమనుకుందో ఏమో, ఆయన్ని పక్కకు తప్పించి, నా చెయ్యి తను పట్టుకుంది. అప్పట్లో ఆడవాళ్ళు ఆ పని చేసినట్టు మేం కనలేదు, వినలేదు. గుడంతా వెనక్కి తిరిగి చూస్తుండగా ఇద్దరం ముందుకు నడిచాం. ఈ పిల్లను ఇచ్చేదెవరని అయ్యగారు అడిగారు. వెనక నుంచి పెద్దాయన గొంతు సవరించుకునే లోపలే, "నేనిస్తున్నానండీ," అంది అమ్మ. అయ్యగారు ఒక్క క్షణం ఆగి ఆవిడ మొహంలోకి చూశారు. తరువాత ఏమీ జరగనట్టు పుస్తకంలో కాగితం తిప్పి, నన్ను పెళ్ళికొడుకు పక్కన నిలబెట్టారు.

బయటికొచ్చాక అందరూ మా మీద పూలు చల్లుతుంటే, అమ్మ నా మేలిముసుగు సర్దుతున్నట్టు దగ్గరకొచ్చింది. "నేనిస్తున్నానని నేనూ చెప్పొచ్చని నవంబరులోనే తట్టుంటే, వాయిదా వెయ్యకుండా ఆ గురువారమే కానిచ్చేసేదాన్నే. అప్పుడు వాడే వచ్చి నిన్ను నడిపించేవాడు," అంది.