గెడ్డలో అమ్మ బాప్తిస్మం

నీళ్లంటే భయం వల్ల మా అమ్మ చాలా ఏళ్లు బాప్తిస్మం తీసుకోలేదు. నమ్మకం లేక కాదు. ఆదివారం అందరికంటే ముందు మందిరానికి వెళ్లి చాపలు పరిచేది అమ్మే. కానీ మా సంఘంలో నిలువునా ముంచితేనే బాప్తిస్మం, అది కూడా ఊరి పక్కన పారే గెడ్డలోనే. అది తీసుకోనివాళ్లు ప్రభువు బల్లలో పాలుపొందకూడదు. అందుకని నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు అమ్మ వెనక్కి జరిగి చిన్నపిల్లల మధ్య కూర్చునేది. "మీ అమ్మ పెద్దమనిషి ఎప్పుడవుతాదే?" అని ఆడవాళ్లు నన్ను ఆటపట్టించేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. అమ్మ మాత్రం నవ్వేసి ఊరుకునేది.

ఆ ఏడు వానలు మొదలయ్యాక ఒక ఆదివారం అమ్మ ఉన్నట్టుండి లేచి నిలబడి, "ఈసారి నాను దిగుతానయ్యగారూ" అంది. పాస్టరు గారిని మేమంతా అయ్యగారనే పిలుస్తాం. ఆయన నమ్మలేక మళ్లీ అడిగారు. అమ్మ మళ్లీ అదే చెప్పింది. నేను మర్నాడే అనకాపల్లి వెళ్లి తెల్ల చీర తెచ్చాను. కుట్టుపని నాదే కాబట్టి జాకెట్టు నేనే కుట్టాను. అమ్మ ఆ చీరని రోజూ పెట్టెలోంచి తీసి చూసుకుని మళ్లీ మడత పెట్టేది.

మా తమ్ముడికి మాత్రం ఆ మాట విన్న దగ్గర్నుంచి కాలు నిలవలేదు.

వాడు అంతకుముందు అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసేవాడు. మా వైపుకి మందుల కంపెనీలు వచ్చాక ఒకదాంట్లో హెల్పరుగా చేరాడు. పొద్దున్నే ఊరి మొగలో కంపెనీ బస్సు హారన్ కొడితే చేతిలో టిఫిన్ క్యారేజీతో పరుగెత్తేవాడు. ఇంట్లోకి కలర్ టీవీ వచ్చింది, గ్యాస్ పొయ్యి వచ్చింది. నా కుట్టుమిషనుకి మోటారు పెట్టించాడు. మా వీధికి దీపాలు కంపెనీవాళ్లే వేయించారు. ఇవేవీ వద్దని నేనూ అనలేదు.

అయితే వీటితోపాటు ఒక వాసన కూడా వచ్చింది. సాయంత్రం గాలి తిరిగితే కుళ్లిన గుడ్లు, స్పిరిట్ కలిపినట్టుండే వాసన ఇంట్లోకి దూరేది. కిటికీలు మూస్తే ఉక్క, తెరిస్తే కంపు. మిషను ముందు కూర్చోలేక లేచి తిరిగేదాన్ని. తిరుగుతుంటే ఇంకా చిరాకు. "ఏటిరా ఈ కంపు?" అంటే తమ్ముడు "మందుల వాసనక్కా" అని తలెత్తకుండా అన్నం కలుపుకునేవాడు. గెడ్డలోకి తోలిన గేదెలు మునుపటిలా పడుకోవడం మానేసి గబగబా ఒడ్డుకొచ్చేసేవి. ఒకసారి చేపలు తేలాయి. ఎండదెబ్బ అన్నారు. దిగువ పేటలో పిల్లల కాళ్లకి పుళ్లు లేస్తే, బురదలో ఆడితే లేవవా అన్నారు. ఏది జరిగినా ఎవరో ఒకరు ఏదో ఒక కారణం చెప్పేవారు. విని మనమూ సరే అనుకుని మన పనిలో పడిపోతాం.

తమ్ముడు మొదట, వానాకాలం కదా, అమ్మకి జలుబు చేస్తుందన్నాడు. తర్వాత, అనకాపల్లిలో ఒక చర్చిలో సిమెంటు తొట్టె ఉంది, అక్కడైతే భయం ఉండదన్నాడు. మరో రోజు, నెత్తిమీద నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలదా అన్నాడు. వాడి సంగతి నాకర్థమైపోయిందనుకున్నాను. కంపెనీలో షోకిలా బాబులతో తిరుగుతున్నాడు. ముసలితల్లి తడిబట్టలతో నలుగురిలో నిలబడితే వీడికి నామోషీ.

"ఇన్నాళ్లకి అమ్మ దైర్నం సేత్తే నీకేటి నొప్పి?" అని కడిగేశాను.

"నీకు తెల్దక్కా."

"తెలిసేలా సెప్పు మరి."

వాడు కంచం తోసేసి బయటికి వెళ్లిపోయాడు. ఆ వారమంతా మా ఇద్దరికీ మాటల్లేవు.

బాప్తిస్మం ముందురోజు జోరుగా వాన కురిసింది. తెల్లారేసరికి గెడ్డ నిండుగా, ఎర్రగా పారుతోంది. తమ్ముడు ఎప్పటిలా కంపెనీ చొక్కా వేసుకుని వెళ్లిపోయాడు. వాడిని తిట్టుకుంటూనే అమ్మకి తెల్లచీర కట్టాను. సంఘమంతా పాట పాడుతూ ఒడ్డుకి చేరింది. అయ్యగారు ముందు దిగి చెయ్యి చాపారు. అమ్మ నా చెయ్యి వదిలి ఆయన చెయ్యి పట్టుకుంది. మోకాలి లోతుకి వెళ్లేసరికి ఆమె భుజాలు వణకడం నాకు కనిపించింది. అయినా ఆగలేదు. నాకు గర్వంతో ఏడుపొచ్చింది.

అప్పుడు గట్టు మీంచి తమ్ముడు దిగాడు. బస్సెక్కకుండా వచ్చేశాడు. చెప్పులతోనే నీళ్లలోకి వచ్చి అమ్మ రెక్క పట్టుకున్నాడు.

"ముంచకండయ్యగారూ. మా అమ్మని ముంచకండి."

"ఇది మీ అమ్మ ఇష్టం బాబూ" అన్నారు ఆయన నెమ్మదిగా.

"ఇష్టం గురించి కాదండి. నిన్న వాన్లో కంపెనీ మురికినీల్ల ట్యాంకులు కాళీ సేసేం. ఎప్పుడు వానొచ్చినా సేత్తాం. ఆ నీల్లన్నీ ఈ గెడ్డలోకే. వాల్వు తిప్పింది నానే."

పాట ఆగిపోయింది. నాకు ముందు వాణ్ణి కొట్టాలనిపించింది. ఆ వెంటనే వాడి మొహం చూసి భయమేసింది. అమ్మ మాత్రం వాడి వైపు చూడటంలేదు. గెడ్డ వంపు తిరిగే చోటుకి చూస్తోంది. అక్కడ దిగువ పేట ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు. పిల్లలు నీళ్లలో దూకుతున్నారు.

"ఆల్లకి సెప్పేవా?" అంది.

"లేదమ్మా."

"ఏం?"

"పని పోతాది."

"కన్నతల్లినని నన్ను ఆపేవు. ఆ పిల్లగుంటలు రోజూ దిగుతన్నారు కదరా." అమ్మ వాడి చెయ్యి విడిపించుకుంది. "ఎల్లి సెప్పు. నువ్వు సెప్పినదాకా నాను ఇక్కడే నిల్సుంటాను."

బయటికి రమ్మని నేను కేకలేశాను. అయ్యగారు బతిమాలారు. చెరువు గట్టు మీద నడవాలన్నా నా కొంగు పట్టుకునే మనిషి ఆ నీళ్లలో పాతేసినట్టు నిలబడిపోయింది. అమ్మ మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

"బేగి ఎల్లరా!" అని అరిచాను తమ్ముడి మీద.

వాడు గట్టు వెంట పరుగెత్తాడు. నేనూ వెనకాలే పరుగెత్తాను. ఊపిరందక వాడు చెప్పింది మొదట ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పాడు. ఆడవాళ్ల చేతుల్లో బట్టలు అలాగే ఉండిపోయాయి. ఒకామె చప్పున నీళ్లలోంచి తన చిన్నపిల్లని లాగి చంకనేసుకుంది. ఇంకా సరిగ్గా మాటలు రాని పిల్ల.

"ఎప్పట్నించి బాబూ?" అని అడిగింది.

"నాను పన్లో సేరినకాణ్ణించి" అన్నాడు తమ్ముడు. వాడు పనిలో చేరేనాటికి ఆ పిల్ల పుట్టనే లేదు.

ఆమె పిల్లని గట్టు మీద నిలబెట్టి, పవిటతో తల తుడిచింది, చేతులు తుడిచింది, పుళ్లున్న కాళ్లు తుడిచింది, మళ్లీ మొదటి నుంచి తుడవడం మొదలుపెట్టింది. నేను వెనక్కి తిరిగి చూశాను. అమ్మ ఇంకా గెడ్డలోనే ఉంది.