ఫ్యాను లేని కంప్యూటరు

మస్కట్‌లో మా తమ్ముడు పనిచేసే ఆఫీసువాళ్ళు పాత కంప్యూటర్లు తీసేస్తుంటే, వాడు ఒకటి అడిగి తీసుకుని, సెలవులకి వచ్చినప్పుడు నాకిచ్చాడు. అట్టపెట్టె విప్పితే లోపలున్నది మిఠాయి డబ్బా అంత ఉంది. నల్లటి లోహం, పైమూత నిండా దువ్వెన పళ్ళలా గాడులు. దాంతోపాటు ఒక పల్చటి మానిటరు.

"ఇంతేనా?" అన్నాను.

"అక్కా, దీన్ని తక్కువ చూడకు. దీంట్లో ఫ్యాను ఉండదు, చప్పుడు చెయ్యదు. మానిటరుతో కలిపినా మీ టేబులు ఫ్యాను తిన్నంత కరెంటే తింటుంది. కరెంటు పోయినా ఇన్వర్టరు మీద నడిచిపోద్ది" అన్నాడు.

మాది బండారులంకలో నేతిల్లు. మా ఆయన ముందుగదిలో మగ్గం గుంటలో కూర్చుంటే, మధ్యగదిలో చీర అంచులకి బొమ్మలు గీయడం నా వంతు. గళ్ళ కాగితం మీద ఒక్కో గడి ఒక్కో పోగు లెక్కన నింపుకుంటూ పోవాలి. చిలక ముక్కు దగ్గర చెయ్యి తప్పిందంటే కాగితం మొత్తం చింపి మళ్ళీ మొదలెట్టాలి. కంప్యూటరులో అయితే ఆ ఒక్క గడీ దిద్దుకుంటే చాలు. అది నాకెంత సుఖమో అనుభవించినదాన్ని కనుక నాకే తెలుసు.

నా వెనకాల గోడవారన మా అత్తగారు కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టేవారు. ఆ కండెలే ముందుగదిలో మా ఆయన మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలోకి వెళ్ళేవి. ఆవిడకి కంప్యూటరంటే భయం లేదు, గౌరవం. మా వైపు గల్ఫు నుంచి ఏ వస్తువొచ్చినా దానికి ముసుగు కుట్టనిదే మనసు ఒప్పదు. టేపురికార్డరుకి, టీవీకి, ఆఖరికి మిక్సీకి కూడా అంచులు కుట్టిన గుడ్డ ఉంటుంది. ఇక నేతింట్లో గుడ్డకి కరువేముంది? మగ్గం మీద మిగిలిన ముక్కతో, తలగడ గలేబులాగా కొలత తీసి, తీగలు బయటికి రావడానికి వెనక చీలిక పెట్టి, ముచ్చటగా కుట్టేశారు. పనిచేసేటప్పుడు కూడా అది తియ్యనిచ్చేవారు కాదు.

"మగ్గం దగ్గర దూది ఎగురుద్ది కదమ్మా, లోపలికి పోద్ది" అన్నారు. నాకూ సబబుగానే తోచింది. ఎంత బాగా కుట్టారో అని పక్కింటివాళ్ళకి చూపించాను కూడా.

అప్పటినుంచి అది కాసేపు నడవగానే తనంతట తనే ఆరిపోవడం మొదలైంది. వోల్టేజీని తిట్టుకున్నాను, ఇన్వర్టరుని తిట్టుకున్నాను. చివరికి తమ్ముడికి ఫోను చేస్తే వాడు అడిగిన మొదటి మాట, "దాని మీద ఏమన్నా కప్పేరా?" అని.

"దానికి ఒళ్ళే ఫ్యాను అక్కా. లోపలి వేడి ఆ పైమూత గుండానే పోవాలి. మీరు దానికి దుప్పటి కప్పేరు" అన్నాడు.

ఫోను పెట్టేసి వచ్చి ఆ ముసుగు లాగేశాను. పక్కింటి ఆడవాళ్ళిద్దరు కండెల కోసం వచ్చి కూర్చున్నారు. వాళ్ళ ముందే అనేశాను. "మీ గుడ్డ వల్లే అత్తయ్యా ఇదంతా. ఇంకొన్నాళ్ళయితే దాని ప్రాణం తీసేసేవారు."

"నాకు తెలీదమ్మా. దూది పడద్దని కప్పేను" అన్నారావిడ. ముసుగు మడతపెట్టి తన ట్రంకుపెట్టెలో దాచుకున్నారు. దాన్ని మెచ్చుకుని ఊరందరికీ చూపించింది నేనేనన్న సంగతి ఆవిడా అనలేదు, నేనూ అనలేదు.

ఆ రోజు నుంచి ఆవిడ ఆ పెట్టెకి ఏదో బాకీ పడ్డట్టు ప్రవర్తించారు. తనకి తగిలే టేబులు ఫ్యానుని సగం దాని వైపు తిప్పారు. "పాపం, దానికి ఫ్యాను లేదంట కదా" అనేవారు. తాటాకు విసనకర్రతో దానికి విసురుతుంటే నేను పడీపడీ నవ్వాను. మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ ముచ్చట చెప్పి నవ్వించాను. నాకూ ఒక అలవాటు పడింది. గీస్తూ గీస్తూ మధ్యలో, పిల్లలకి జ్వరం చూసినట్టు దాని మూత మీద అరచెయ్యి పెట్టి చూసేదాన్ని.

మే నెల వచ్చింది. మధ్యాహ్నం పూట కరెంటు కోత. ఉక్కకి మగ్గం మీద కూర్చోలేక మా ఆయన కొబ్బరితోటలో మంచం వేసుకునేవాడు. శ్రావణమాసం చీరలకి కొత్త అంచు కావాలని, బాగుంటే ఆ చీరలన్నీ నేతకి మాకే ఇస్తానని, మాచేత చీరలు నేయించే షావుకారు గారు కబురు పెట్టారు. అంత పని మాకెప్పుడూ దొరకలేదు. నేను కుర్చీ దిగకుండా గీస్తున్నాను.

మా ఇన్వర్టరు బ్యాటరీ చిన్నది. ఫ్యాను, కంప్యూటరు కలిసి నడిస్తే కరెంటు వచ్చేలోపే చార్జి అయిపోతోందని కూతపెట్టేది. అది రెండుసార్లు కూసింది. మూడోసారి కూయలేదు. ఎందుకంటే నా వెనకాల టిక్కుమని స్విచ్చి నొక్కిన చప్పుడయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగిపోయాయి.

"ఫ్యాను ఆపేరేంటండీ?"

"నాకు చల్లగానే ఉందమ్మా. నువ్వు గీసుకో."

మే నెల మధ్యాహ్నం, తలుపులు తీసినా ఆకు కదలని ఉక్కలో, చల్లగానే ఉందట. ఆ మాట నాకు అవసరం కాబట్టి నమ్మాను. మర్నాటి నుంచి అడగడం కూడా మానేశాను.

ఇప్పుడు నన్ను తినేసేది ఆ నమ్మడం కాదు, వినడం. నా ముందున్న యంత్రానికి చప్పుడు లేదు. మగ్గం ఆగి ఉంది. అంత నిశ్శబ్దంలో రోజూ ఆ టిక్కు విన్నాను. రాట్నం తిరగడం, ఆవిడ గాజులు కదలడం, పమిటతో మెడ తుడుచుకోవడం, అన్నీ విన్నాను. వెనక్కి తిరిగితే లేవాల్సి వస్తుందని తిరగలేదు.

ఒకనాడు ఫ్యాను ఆగిన కాసేపటికి రాట్నం కూడా ఆగింది. కునుకు పట్టిందేమో అనుకున్నాను. అంచులో ఒక తీగకి చివరి ఆకు మిగిలి ఉంది. ఆ ఆకు గడులన్నీ నింపి, భద్రం చేసి, అప్పుడు తిరిగాను. ఆవిడ గోడకి ఒరిగిపోయి ఉన్నారు. పెదాలు ఎండిపోయాయి, పిలిస్తే పలకలేదు.

నేను పెట్టిన కేకకి మా ఆయన తోటలోంచి పరిగెత్తుకొచ్చాడు. ఊళ్ళో డాక్టరు గారు వచ్చి, వడదెబ్బ అని చెప్పి సెలైను పెట్టారు. సాయంత్రానికి ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూసి, "బొమ్మ పోలేదు కదమ్మా?" అన్నారు. నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది.

మా ఆయన గొంతు పెంచే మనిషి కాదు. మంచం పక్కన నిలబడి నెమ్మదిగానే అడిగాడు. "ఫ్యాను ఆగిపోతే నీకు వినపడలేదా? పక్కనే ఉన్నావు గదా."

"కంప్యూటరు చప్పుడులో తెలీలేదండీ" అన్నాను.

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. కంప్యూటరు నడిచే వేళ ఆయన ఇంట్లో ఉంటే మగ్గం టకటకలాడుతూ ఉంటుంది, లేదంటే ఆయన తోటలో ఉంటాడు. దానికి చప్పుడు లేదని ఈ ఇంట్లో తెలిసినవాళ్ళం ఇద్దరమే. రెండో మనిషి సెలైను సీసా కింద పడుకుని నావైపే చూస్తోంది.

"అవున్రా అబ్బాయ్" అన్నారు అత్తగారు. గొంతు పీలగా ఉంది. "ఒకటే గోల దానిది. దాని పక్కన కూర్చుంటే నాకే ఏమీ వినపడదు."

ఆయన తల ఊపి నీళ్ళు తేవడానికి వెళ్ళాడు. ఆవిడ ఇంకేమైనా అంటారేమోనని తలొంచుకుని నిలబడ్డాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

అంచు షావుకారు గారికి నచ్చింది. ఆ చీరలు మాకే వచ్చాయి. ఆ పెట్టె ఇంకొన్నేళ్ళు పనిచేసి, ఒకరోజు ఎంత నొక్కినా వెలగడం మానేసింది. అమలాపురంలో పెద్ద కంప్యూటరు కొన్నాం. దీనికి లోపలే ఫ్యాను ఉంది, ఆన్ చేస్తే గుయ్యిమంటూ ఉంటుంది. పాత అలవాటుకొద్దీ అత్తగారి టేబులు ఫ్యాను మాత్రం ఇంకా సగం దాని వైపే తిరిగి ఉండేది.

ఒక మధ్యాహ్నం మగ్గం ఆపి వచ్చిన మా ఆయన కాసేపు చెవి వొగ్గి విన్నాడు. "గోలగానే ఉంది గానీ, పాతదాని కన్నా నయమే కదే?" అన్నాడు.

రాట్నం మీద పోగు తెగింది. అత్తగారు తల ఎత్తకుండా ముడి వేసుకుంటూ, "చాలా నయంరా" అన్నారు. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ నవ్వుతున్నారని నాకు తెలుస్తూనే ఉంది. నాకు నవ్వు రాలేదు.

ఆయన వెళ్ళాక లేచి, ఫ్యాను పూర్తిగా ఆవిడ వైపు తిప్పబోయాను.

"ఉండనీ అమ్మా, నాకు చల్లగానే ఉంది" అన్నారు.

ఈసారి ఆవిడ వీపు మీద అరచెయ్యి పెట్టి చూశాను. రవిక తడిసి ముద్దయి ఉంది.