చేపల పులుసు కింద ఒక పేరు

మా మేనత్త పోయింది. జ్వరమని బందరు ఆసుపత్రిలో చేర్చారు, తగ్గుతోందన్నారు, తీరా పోయిన నెలలో ఒకరోజు మధ్యాహ్నం పూట మా తమ్ముడు ఫోన్ చేసి అత్త ఇక లేదన్నాడు. నేనప్పుడు గుడివాడలో ట్యూషన్ పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. బోర్డు మీద లెక్క సగంలో వదిలేసి బస్సెక్కాను. ఈ బ్లాగు చదివే మీలో చాలామందికి ఆవిడ వంటలు తెలుసు గానీ మనిషి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలూ ఆవిడ బ్లాగులోనే రాస్తున్నాను.

అత్త బందరు పక్కన చేపల రేవు గిలకలదిండిలో అంగన్‌వాడీ టీచరుగా చేసింది. మావయ్య బోటు మీద వేటకి వెళ్ళేవాడు. ఒకసారి వాయుగుండంలో చిక్కుకుని వాళ్ళ బోటు తిరగబడింది. మిగతావాళ్ళని ఇంకో బోటు వాళ్ళు ఎక్కించుకున్నారు. మావయ్య దొరకలేదు. ఖాళీ డీజిల్ క్యాను పట్టుకుని అలల మీద దక్షిణంగా కొట్టుకుపోవడం చూశానని, మావయ్యతోపాటు వేటకెళ్ళిన మా బాబాయి ఒకాయన చెప్పాడు. అత్త ఆ ఒక్క మాటా పట్టుకుంది. కొన్నాళ్ళు పోయాక కర్మ చేయిద్దామని పెద్దలు ఇంటికొస్తే, అందరికీ మజ్జిగిచ్చి మర్యాదగా పంపేసింది.

అప్పటికే నాకొక బ్లాగుంది. దివిసీమ ఊళ్ళ గురించి, ఏ ఊరికి ఏ బస్సు దొరుకుతుందో, అక్కడ ఏం చూడొచ్చో రాసేవాణ్ణి. ఒక ఆదివారం అత్త గుడివాడ వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే అడిగింది. "నీ రాతలు ఎక్కడెక్కడి వాళ్ళో చదువుతారంట కదరా, వాళ్ళు నీ దగ్గరికి ఎట్టా వస్తారు?"

కూర్చోబెట్టి చెప్పాను. జనం ఏ మాటతో వెతుకుతారో ఆ మాట శీర్షికలో ఉండాలి. పోస్టు కింద ట్యాగులని పెడతాం, అదే సంగతి మీద రాసినవన్నీ ఆ పేరుతో ఒకచోట చేరతాయి. శ్రద్ధగా వింది. తన ఫోన్లో తనకీ ఒక బ్లాగు తెరిపించుకుని వెళ్ళిపోయింది. రెండు రోజులాగి మొదటి పోస్టు తనే పెట్టింది. శీర్షిక: మా ఆయన కనపడటం లేదు. ట్యాగు: మా ఆయన.

పోస్టంతా పై నుంచి కిందికి వెతికాను. ఎత్తు, రంగు, ఎడమ చేతి మీద పడవ పచ్చబొట్టు, గళ్ళ లుంగీ, అన్నీ ఉన్నాయి. పేరు లేదు. అత్త ఏనాడూ భర్త పేరు నోటితో చెప్పిన మనిషి కాదు. ఆధార్ కార్డు తీయించుకోవడానికి వెళ్ళినప్పుడు కూడా పక్కనున్న మా అమ్మ చేత చెప్పించింది. నాకు నవ్వూ ఒళ్ళుమంటా కలిసి వచ్చాయి. పేరు లేకుండా లోకంలో ఎవరికి తెలుస్తుందని ఫోన్లో కేకలేశాను. మన రేవులో ఆయన్ని ఎరగనివాళ్ళు ఎవరురా అంది. ఆ సాయంత్రమే వెళ్ళి, ఆవిడ ఫోను తీసుకుని, మావయ్య పేరు ట్యాగుగా నేనే కొట్టాను. నేను కొట్టేంతసేపూ అత్త మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది.

అయినా ఎవరూ రాలేదు. మా చుట్టాలే చూసి, అయ్యో అని రాసి ఊరుకున్నారు. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఉన్నమాట అనేశాను. "నీ బాధ ఎవరూ వెతకరత్తా. జనం కూర వెతుకుతారు. నువ్వు కూర రాయి, కింద మావయ్య సంగతి పెట్టు." కూర కోసం వచ్చినవాళ్ళకి ఏడుపు చూపించడమేమిటని అత్త చాలా రోజులు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక మాత్రం నేను చెప్పినదానికంటే బాగా చేసింది.

'నెత్తళ్ళు నీచు వాసన రాకుండా కడగడం ఎలా', 'పండుగప్ప పులుసులో ముక్క విరగకుండా ఉండాలంటే', 'నాగాయలంక ఎండు రొయ్యలు వానాకాలం నిల్వ ఉంచడం'. ఇలా ఉండేవి ఆవిడ శీర్షికలు. చుట్టుపక్కల కొత్తకోడళ్ళు ఏమడుగుతారో అదే శీర్షిక. దాని కింద ఉప్పూ కారం కొలతలతో సహా పూర్తి వంట. ఆ కింద చిన్న గీత, గీత కింద మావయ్య ఆనవాళ్ళు, అత్త ఫోన్ నంబరు. ట్యాగుల్లో పులుసు, బందరు, ఎండుచేపలు, చివర మావయ్య పేరు. ఒకసారి కొట్టిన ట్యాగుని తర్వాత ఆ బ్లాగే చూపిస్తుంది. అత్త దాని మీద వేలు ఆనించేది, అంతే.

ఇంకాస్త ఆశపెట్టే శీర్షికలు పెట్టమని నేను పోరేవాణ్ణి. ఈ పులుసు తింటే డాక్టరు అక్కర్లేదు, అలాంటివి. ఆవిడ ససేమిరా అంది. "గుడ్డు పెడతానని పిల్లల్ని పిలిచాక గుడ్డు పెట్టాలిరా. లేకపోతే రేపు పిలిచినా రారు" అనేది.

ఒక వెబ్‌సైటు వాళ్ళకి అంత ఓపిక లేదు. అత్త దగ్గరికి వచ్చి నాలుగు మాటలు రాసుకుపోయి, భర్త బతికే ఉన్నాడంటున్న ఈ తల్లి మాట వింటే కన్నీళ్ళాగవని శీర్షిక పెట్టారు. జనం విరగబడి చూశారు. దాంతో ఫోన్లు మొదలయ్యాయి. విశాఖలో చూశామని ఒకరు, పూరీలో చూశామని ఒకరు. సరదాకి చేసినవాళ్ళూ ఉన్నారు. ప్రతి ఫోనుకీ అత్త మొహం వెలగడం, మళ్ళీ ఆరిపోవడం చూసి, ఆ శీర్షిక రాసినవాడు ఎదురుపడితే చెంప పగలగొట్టాలనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ ఫోన్లలో ఒకటి నమ్మి తమిళనాడు దాకా వెళ్ళాం. బస్టాండు దగ్గర గడ్డం పెరిగిన మనిషి, ఎడమ చేతి మీద పచ్చబొట్టు. దగ్గరికెళ్ళి చూస్తే పచ్చబొట్టు పువ్వుది. నేను తిరుగు బస్సు కోసం చూస్తుంటే అత్త ఆయనకి ఇడ్లీ తినిపించి, ఏ ఊరని అడిగింది. ఆయన ఇంకో ఇడ్లీ కోసం చెయ్యి చాపాడు. ఇంటికొచ్చాక అత్త తర్వాతి కూర కింద ఆయన ఆనవాళ్ళు కూడా పెట్టింది. ఇద్దరివీ ఉంటే చూసేవాళ్ళు గందరగోళపడతారని నేను మండిపడ్డాను.

"ఆయన కోసం కూడా ఏదో ఊళ్ళో ఒకావిడ కూర వండుతూ ఉంటుంది కదరా" అంది.

ఆయన కోసమూ ఎవరూ ఫోన్ చేయలేదు.

దాచుకోవడం దేనికి, మావయ్య ఆ రోజే పోయాడని నా నమ్మకం. ఆ మాట అత్త మొహానే అన్నాను, చాలాసార్లు పోట్లాడుకున్నాం. నీ నమ్మకం నీది, ట్యాగు మాత్రం సరిగ్గా పడిందో లేదో చూసి పెట్టు అనేది. చూసి పెట్టేవాణ్ణి.

అత్తని ఇంటికి తెచ్చిన రోజు అసలు చిక్కు వచ్చింది. స్నానం చేయించాక ఆడవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకుని ఆగిపోయారు. ముత్తైదువలా పసుపు, కుంకుమ, పూలతో సాగనంపాలా, వద్దా? మావయ్య లేడనుకుంటే ఒక పద్ధతి, ఉన్నాడనుకుంటే ఇంకొకటి. పెద్దావిడలు రెండుగా చీలిపోయారు. నన్నూ అడిగారు. ఇన్నేళ్ళూ అత్తతో అన్న మాట అక్కడ అనలేకపోయాను. చివరికి ఆ బోటులో వెళ్ళిన బాబాయిని లోపలికి పిలిచారు. ఆయన తలుపు దగ్గరే నిలబడి, తల వంచుకుని చెప్పాడు.

"నేను చూసినంత వరకూ బతికే ఉన్నాడమ్మా. ఆ తర్వాత సంగతి నాకు తెలీదు."

అత్తకి కుంకుమ పెట్టారు. జడలో కనకాంబరాలు పెట్టారు. నేను బయటికొచ్చి గోడకి ఆనుకుని ఏడ్చాను.

దినాలు అయ్యాక ఆవిడ ఫోను నాకిచ్చారు. నంబరు ఆగిపోతే ఎలాగని, ఒక్కో పోస్టూ తెరిచి, పులుసు తర్వాత పులుసు, వేపుడు తర్వాత వేపుడు, ప్రతిదాని కిందా ఆవిడ నంబరు తీసి నాది పెట్టాను. మీరు గమనించే ఉంటారు.

నిన్న గుడివాడ బస్టాండులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే ఎవరో ఒకావిడ. పండుగప్ప పులుసుకి చింతపండు కొత్తది వాడాలా పాతదా అని అడిగారు. పాతదేనని అత్త రాసినట్టే చెప్పాను. థాంక్సండీ అన్నారు. ఫోన్ పెట్టేస్తారనుకున్నాను.

"కింద రాసినాయన వచ్చారాండీ?" అని అడిగారావిడ.

నేనెక్కాల్సిన బందరు బస్సు కదులుతోంది. కండక్టరు నన్ను చూసి చెయ్యి ఊపుతున్నాడు. ఫోను చెవికి ఆనించుకుని అక్కడే నిలబడిపోయాను.

"ఇంకా రాలేదండీ" అన్నాను.