మాణెమ్మ ఏడ్చిన సీను

మొన్న ఇస్నాపూర్‌లో ఒక ఫంక్షన్ హాలుకు పెళ్లికి వెళ్లాను. అప్పగింతల వేళ పెళ్లికూతురి తల్లి బోరున ఏడుస్తోంది. వీడియో తీసేవాడు అడ్డం వచ్చి, "అమ్మా, లైట్ సరిగ పడలే. జెర ఇంకోపాలి పట్టుకొని ఏడ్వుండ్రి" అన్నాడు. పాపం, ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ ఏడ్చింది. చుట్టూ ఒకటే నవ్వులు. నాకు చెవులు వేడెక్కాయి. భోజనానికి కూడా కూర్చోకుండా బయటికొచ్చేశాను. దశరథం సార్ గుర్తొచ్చారు.

సినిమా అప్పుడప్పుడే మాటలు నేర్చిన కాలంలో, అందరూ స్టూడియోల్లో రంగుల తెరల ముందు పద్యాలు పాడుతుంటే, కెమెరాను ఎడ్లబండి మీద వేసుకుని పటాన్‌చెరు పక్కనున్న మా చిట్కుల్ పొలాల్లోకి వచ్చిన దర్శకుడాయన. కరువు మీద తీసిన ఆ సినిమాలో, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏడ్చే సీను ఒకటుంది. ఏడ్చింది నటి కాదు, ఊళ్లో కూలి మనిషి. ఆ ఒక్క సీనుతో ఆయన పేరు మోగిపోయింది. తర్వాత తీసినవేవీ ఆడలేదు. నా ఇరవైల్లో నేను ఆయన దగ్గర అసిస్టెంటుగా చేరేనాటికి ఆయన ఎనభై ఏళ్లకు దగ్గరపడి, పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు హెల్మెట్లు పెట్టుకోండి, గ్లౌజులు వేసుకోండి అని చెప్పే చిన్న చిత్రాలు తీస్తున్నారు. కార్మికులతో కూర్చుని టీ తాగందే కెమెరా తెరిచేవారు కాదు. "మనిషిని అడిగి తీయాలి బాబూ" అనేవారు. ఆ నిదానానికి నేను లోలోపల విసుక్కునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఉత్సాహం పట్టలేక ఆ సీను మాటెత్తాను. హైదరాబాద్ ఫిలిం సొసైటీలో ఎన్నోసార్లు చూశానని గొప్పగా చెప్పి, "అంత సహజంగా ఎలా ఏడిపించారు సార్?" అని అడిగాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "అబద్ధం చెప్పి. నీ బిడ్డ బావిలో పడిందని చెప్పమని మనిషిని పంపాను. కెమెరా తిరుగుతూనే ఉంది." నా ముఖం చూడలేకపోయారు. "ఇక్కడి పని ఎందుకు ఒప్పుకున్నాననుకున్నావు? ఆమె ఇంకా బతికే ఉందట. క్షమించమని అడగకుండానే పోతానేమోనని భయంగా ఉంది. వెళ్దామంటే కాళ్లు రావడం లేదు."

ఆ ఆదివారం నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. మాణెమ్మ చర్చి నుంచి వచ్చి వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నది. సార్ తానెవరో చెప్పుకుని చేతులు జోడించారు. ఆమె పని ఆపలేదు.

"ఇంటిదాంక ఉరికిన సారూ. పిల్ల తలుపుకాడ కూసొని గటక తింటుంది. దాన్ని పట్టుకొని కొట్టిన. ఎందుకు కొట్టిన్నో నాకే తెల్వది. నువ్వేమో నవ్వుకుంట బండెక్కి పోయినవ్."

సార్ వెక్కివెక్కి ఏడ్చారు.

"చేతులు దించు. ముసలోనివైనవ్, నిన్నేమంట ఇగ? మాఫ్ చేసుడు ప్రభువు సూసుకుంటడు."

అప్పుడైనా నేను నోరు మూసుకోవద్దూ? ఆయన బరువు దించుదామనుకున్నాను కాబోలు. "అవ్వా, నిన్ను సూసి హాళ్లకు హాళ్లు ఏడ్చినయి. ఎన్ని ఊర్లల్ల సూశిన్రో ఎరుకేనా? నేను గూడ ఎన్నిపాలీలు సూశిన్నో!" అన్నాను.

మాణెమ్మ చేతులు ఆగాయి. నావైపే తలెత్తింది.

"గంతమంది సూశిన్రు గద బిడ్డా. గీమె ఎవలు, గీమెకేమైంది, గిట్లెందుకు ఏడుస్తుంది అని ఒక్కలన్న అడిగిన్రా?"

సార్ పోయి చాలా ఏళ్లయింది. ఆమె కూడా లేదు. ఇప్పటికీ తెర మీద ఎవరు ఏడ్చినా సిగ్గుతో తల దించుకుంటాను. పక్క సీటువాళ్లు నేను ఏడుస్తున్నాననుకుని జాలిగా చూస్తారు.